బల్ల మీద మోచేయి ఆనించే చోటు లేదు, మీరెట్లా సర్దుకుంటున్నారు?

పద్దుల పాప | తిరుపతి | సోమవారం రాత్రి 9.40

నాలుగేళ్లుగా ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తున్నా. తిలక్ రోడ్డు దగ్గర సందులో, మేడ మీద. నా బల్ల నాలుగడుగుల పొడవు. కంప్యూటరు, కీబోర్డు పోగా మిగిలిన చోట ఏమేం ఉన్నాయో ఈ సాయంత్రం లెక్కపెట్టి మరీ వచ్చా. పదకొండు మంది క్లయింట్ల బిల్లుల కట్టలు. పంచింగ్ మిషన్లు రెండు, అందులో ఒకటి పనిచేయదు. ఎండిపోయిన స్టాంపు ప్యాడు. ఆరు పెళ్లి పత్రికలు. ఎవరిదో తెలియని కళ్లజోడు డబ్బా. పోయినేడాది డైరీ. కొండకి పోయొచ్చిన వాళ్లెవరో ఇచ్చిన లడ్డూ కవరు. కవరు ఖాళీదే, కానీ అడుగున నెయ్యి దిగి ఒక చలానా అద్దంలాగా తయారైంది. వెనక వేలు పెడితే ఇటు కనిపిస్తోంది.

అసలు సంగతి ఏమంటే, పోయిన బుధవారం గాంధీ రోడ్డులో బట్టల అంగడి పెట్టుకున్న ఒకాయన వచ్చి, బ్యాంకు వాళ్లిచ్చిన ఒరిజినల్ వడ్డీ సర్టిఫికెట్ అడిగారు. నా చేతికే ఇచ్చారు, నాకూ గుర్తుంది. ముగ్గురం కలిసి గంటన్నర వెతికాం. ఆయన ఈలోపల రెండు టీలు తాగారు. చివరికి ఒక హోటల్ వాళ్ల కట్ట వెనక దొరికింది. ఆ కట్టకి వేసిన రబ్బరు బ్యాండు ఎండలకి కరిగి, బంకలాగా అయిపోయి సర్టిఫికెట్‌ను పట్టేసుకుంది. లాగితే ఒక మూల చిరిగింది. మా సార్ అరవలేదు. నా బల్ల పక్కన నిలబడి, "అమ్మా, దీని కింద ఇంకెవరైనా ఉన్నారేమో చూడు" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి రోజే పోయి మూడంతస్తుల ప్లాస్టిక్ ట్రే కొనుక్కొచ్చా. నాలుగు రోజుల్లో మూడూ నిండాయి. ఇప్పుడు ట్రే నెత్తిన కూడా కట్టలున్నాయి. ఈ నెలాఖరుకి టాక్స్ ఆడిట్ గడువు, టెన్షన్ టెన్షన్‌గా ఉంది. ఇంకేం కొనాలి? ఎట్లా సర్దాలి?

ఇంటి ఆఫీసు | బైరాగిపట్టెడ

ముందు కొనడం ఆపక్కా. నేను ఇంటి నుంచి పని మొదలుపెట్టినప్పుడు పెన్ స్టాండు, వైర్ల డబ్బా, డ్రాయరులో పెట్టే గళ్ల ట్రే, అన్నీ ఆన్‌లైన్లో తెప్పించా. అవే సగం బల్ల ఆక్రమించాయి. తర్వాత మా అమ్మ పాత పోపుల డబ్బా ఇచ్చింది. స్టీలుది, ఏడు గిన్నెలది. గుండుసూదులు, క్లిప్పులు, స్టేప్లర్ పిన్నులు, పెన్‌డ్రైవులు, సిమ్ తీసే పిన్ను, రబ్బరు, చిల్లర. ఏడే గిన్నెలు కాబట్టి ఎనిమిదో రకం వస్తువు బల్ల మీదికి రాదు. మొదట్లో మూత తీస్తే జీలకర్ర వాసన వచ్చేది, మీటింగు మధ్యలో ఆకలేసేది.

వైర్లకు మాత్రం ఒక పని చేశా. స్పైక్ బస్టర్‌ను బల్ల అడుగున స్క్రూలతో బిగించేశా. నేల మీదికి ఒకే ఒక్క వైరు దిగుతుంది. అమ్మ చీపురుకు అడ్డం లేదు, అందుకని నా బల్ల జోలికి రాదు. నాకు ఇదే పెద్ద లాభం.

శ్రీసిటీ షిఫ్ట్ | సత్యవేడు

మా ఫ్యాక్టరీలో రోజూ చెప్పేదే ఇది. ఫైవ్ ఎస్ అంటారు, జపాన్ వాళ్లది. సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే. అక్కర్లేనిది తీసెయ్, ఉన్నదానికి చోటు చూపించు, తుడువు, పద్ధతి రాసిపెట్టు, రాసింది వదలకు. జనం ఎప్పుడూ రెండో ఎస్‌తో మొదలుపెడతారు. మేడమ్ ట్రే కొన్నది అదే. మొదటిది చేయకుండా సర్దితే చెత్తను వరసగా పేర్చుకున్నట్టే.

అక్కర ఉందో లేదో తేలని వస్తువుకు మేము ఎర్ర ట్యాగు కట్టి, తేదీ రాసి, ఒక మూల పెడతాం. గడువులోపల ఎవరూ అడగకపోతే బయటికి పోతుంది. మీ పాడైన పంచింగ్ మిషన్‌కి రేపే కట్టండి. ఇంకోటి, స్పానర్లు తగిలించే బోర్డు మీద ఒక్కోదాని ఆకారం పెయింటుతో గీసి ఉంటుంది. షిఫ్ట్ దిగేటప్పుడు ఖాళీ ఆకారం కనిపిస్తే ఏది పోయిందో ఎవర్నీ అడగక్కర్లేదు. నా ఇంట్లో బల్ల మీద కూడా స్టేప్లర్ చుట్టూ టేపు అంటించా. మా ఆవిడ ఆ గీతల్లో ఉప్పు డబ్బా పెట్టింది.

గాలివాటం | చంద్రగిరి

అన్నా, ఈ టేపుల పిచ్చి ముదిరితే ఏమవుతుందో తెలుసా? 2007లో ఇంగ్లండులో ఓ పన్నుల ఆఫీసులో ఇట్లాగే పెన్ను ఎక్కడ, స్టేప్లర్ ఎక్కడ అని బల్లల మీద టేపు అంటించారు. అరటిపండు బల్ల మీద ఉండొచ్చా అని చర్చ వచ్చింది. ఇప్పుడే తినబోయేదైతే ఉండొచ్చట, తర్వాత తినేదైతే కూడదట. పేపర్లన్నీ ఆడుకున్నాయి.

ఐన్‌స్టీన్ 1955 ఏప్రిల్ 18న పోయారు కదా, అదే రోజు ఆయన బల్లను ఫోటో తీశారు. వెతికి చూడండి. కాగితాలు, పుస్తకాలు ఎట్లా పడితే అట్లా. నాది కూడా అదే టైపు.

పద్దుల పాప

ఆయన బల్ల మీద ఎవరి వడ్డీ సర్టిఫికెట్టూ లేదు కదన్నా.

పాత సూపరింటెండెంట్ | చిత్తూరు, కట్టమంచి

అమ్మాయ్, నేను కలెక్టరేటులో సెక్షన్ సూపరింటెండెంటుగా చేసి రిటైరైన వాణ్ని. మన చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీలో ఏర్పడింది. ఫైళ్ల విషయంలో ఆ ప్రెసిడెన్సీ నాటి టాటెన్‌హామ్ పద్ధతే మా సర్వీసంతా నడిచింది. ఇప్పుడు ఈ-ఆఫీసులో చేస్తున్నదీ చాలావరకు అదే, చేతిలో కాగితం లేదంతే.

ఉద్యోగంలో చేరిన రోజు నా చేతికిచ్చింది పర్సనల్ రిజిస్టరు. సెక్షనుకు వచ్చిన ప్రతి తపాలుకూ ఒక నంబరు పడుతుంది, దాన్ని కరెంటు నంబరు అంటాం. ఆ నంబరు, వచ్చిన తేదీ, ఎవరు రాశారు, దేని గురించి, నేనేం చేశాను, ఎవరికి పంపాను, జవాబు ఎప్పుడొచ్చింది, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. పై అధికారి ఫైలు అడిగితే బల్ల మీద వెతకం, రిజిస్టరు తిప్పుతాం. తనిఖీకి వచ్చినవాళ్లు కూడా ముందు అదే అడిగేవాళ్లు.

నీకు పనికొచ్చేది ఇంకోటి ఉంది, కాల్ బుక్ అని. కోర్టులో నలిగే కేసు, పైనుంచి ఉత్తర్వు రావాల్సిన ఫైలు, ఇట్లా నెలల తరబడి మన చేతిలో పనేమీ లేనివన్నీ అందులో ఎక్కించి, మళ్లీ ఎప్పుడు తీయాలో తేదీ వేసి, ఫైలును బీరువాలోకి పంపేస్తాం. ఆ తేదీ వచ్చేదాకా అది కంటికి కనపడకూడదు. కొత్త గుమస్తాలు ఏం చేస్తారంటే, మరిచిపోతామేమోనని ప్రతిదీ ఎదురుగా పెట్టుకుంటారు. ముప్పై ఫైళ్లు ఎదురుగా ఉంటే ఒక్కటీ కనపడదు.

నీ పదకొండు కట్టల్లో రేపు పొద్దున నువ్వు కూర్చుని చేయగలిగినవి ఎన్ని? ఎవరో ఏదో పంపితే తప్ప కదలనివి ఎన్ని? లెక్కపెట్టి చెప్పు, తర్వాత మాట్లాడదాం. ఇంకోమాట, రబ్బరు బ్యాండు మన ఎండలకు పనికిరాదు. చిల్లు కొట్టి ట్యాగు వెయ్యి.

పద్దుల పాప | మంగళవారం మధ్యాహ్నం

సార్, లెక్కపెట్టా. పదకొండులో ఏడు క్లయింట్ల కోసం ఆగినవి. ఒకరి బ్యాంకు స్టేట్‌మెంటులో రెండు నెలలు లేవు. ఇంకొకాయన కొనుగోలు బిల్లులు రేపు తెస్తానని చెప్పి వేలూరు పోయారు, రేపు రేపు అంటూ మూడు వారాలైంది. రెండు కట్టలు ఎప్పుడో అయిపోయినవి. తీసుకుపొమ్మని నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. నిజంగా నా చేతిలో పని ఉన్నవి రెండే రెండు.

రెండు కట్టల కోసం మూడంతస్తుల ట్రే కొన్నాను సార్.

చిత్తూరు లెక్కలు | సంతపేట

అయిపోయిన ఆ రెండూ ఈ రోజే తిరిగి ఇచ్చేయండి మేడమ్. జీఎస్టీ లెక్కలు, బిల్లులు ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. అప్పీలో విచారణో నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం. కానీ ఆ బాధ్యత వ్యాపారిది, మీ బల్లది కాదు. ఏమేం ఇచ్చారో ఒక చీటీ రాసి, తేదీ వేసి, సంతకం తీసుకోండి. మా ఆఫీసులో ఒకసారి సంతకం లేకుండా ఇచ్చేశాం. ఆరు నెలల తర్వాత ఆ క్లయింటు వచ్చి "నా ఫైలు మీ దగ్గరే ఉంది" అని కూర్చున్నాడు. బీరువాలన్నీ దించాం. వాళ్ల ఇంట్లో టీవీ కింద దొరికింది.

హోటలు, పెట్రోలు బంకు బిల్లులు వచ్చిన రోజే జెరాక్స్ తీయించండి. అవి థర్మల్ కాగితం, ఇంకు ఉండదు, వేడికి రంగు మారే పూత ఉంటుందంతే. ఎండా వెలుతురూ తగిలితే కొన్నాళ్లకు తెల్లకాగితమే మిగులుతుంది. ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా దాచామనుకుంటాం, కొన్ని రకాల కవర్లలో ఇంకా తొందరగా పోతుంది.

పద్దుల పాప

మంచిమాట సార్, రసీదు పుస్తకం పెట్టేస్తా. ఇంకో సందేహం, నవ్వకండి. ఆ ఆరు పెళ్లి పత్రికలు ఏం చేయాలి? పెళ్లిళ్లు ఎప్పుడో అయిపోయాయి, ఒకరికి బిడ్డ కూడా పుట్టింది. కానీ అన్నిటి మీదా స్వామి బొమ్మ ఉంది. అంగళ్ల వాళ్లిచ్చే క్యాలెండర్ల మీద, సంచుల మీద, అగరుబత్తి డబ్బాల మీద కూడా ఆయనే. మన ఊళ్లో చెత్తబుట్టలో వేయగలిగిన కాగితం దొరకడమే కష్టంగా ఉంది.

గాలివాటం

నేను డ్రాయరులో వేస్తా. డ్రాయరు నిండితే ఇంకో డ్రాయరు.

పంతులమ్మ | పూతలపట్టు

నాదీ ఇదే సమస్య. బొమ్మ వరకు కత్తిరించి ఒక పెద్ద కవరులో వేస్తా. మిగిలిన అట్ట మంచి మందంగా, వెనక తెల్లగా ఉంటుంది. రెండో తరగతి పిల్లలకు గుణింతాల కార్డులు చేస్తున్నా. పోయిన వారం ఒక పిల్లవాడు కార్డు తిప్పి చూసి, "టీచర్, సుముహూర్తం అంటే ఏంది?" అన్నాడు.

పద్దుల పాప

మరి ఆ బొమ్మల కవరు నిండితే అక్కా?

పంతులమ్మ

మునుపు రావిచెట్టు కింద పెట్టేదాన్ని. వానకు తడిసి, మేకలు నమిలి, చూడలేకపోయా. చెరువులో వేస్తే తేలుతూ ఉంటాయి. ఇప్పుడు పెరట్లో గుంత తీసి పూడుస్తున్నా. మెరుపు పూత, ప్లాస్టిక్ పూత ఉన్నవి మట్టిలో కలవవు, వాటికి మాత్రం నాకూ దారి తోచలేదు.

ఇంటి ఆఫీసు

పత్రిక ఇవ్వడానికి వచ్చినప్పుడే ఫోటో తీసుకుని, పత్రిక వాళ్లకే తిరిగిచ్చేస్తే?

చిత్తూరు లెక్కలు

అట్లా ఇచ్చి చూడు. మా మామ అయితే జన్మలో నీ గడప తొక్కడు.

కొండకింద | తిరుపతి

బొమ్మ కత్తిరించడం కూడా తప్పే. దేవుడి పటానికి కత్తెర పెడతారా ఎవరైనా? పూడ్చడమైతే ఇంకా

మోడరేటర్

కొండకింద గారి తర్వాతి నాలుగు పోస్టులు, వాటికి గాలివాటం గారి జవాబులు తీసేశాను. ఎవరి నమ్మకం వాళ్లది. బల్ల దగ్గరికి రండి.

లైబ్రరీ మనిషి | తిరుపతి

నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తా. పుస్తకానికి నంబరు ఉంటుంది, ఏ అరలో నిలబడాలో దానికి ముందే తెలుసు. నా సొంత కాగితాలకు మాత్రం ఆ పద్ధతి కుదరలేదు. ఆస్పత్రి బిల్లు ఆరోగ్యం కిందికి వస్తుందా, ఇన్సూరెన్స్ కిందికా, ఆఫీసులో పెట్టే క్లెయిము కిందికా? ఆలోచిస్తూ బల్ల మీద పెడతాం, అది అక్కడే స్థిరపడుతుంది.

జపాన్‌లో యుకియో నొగుచి అనే ఆర్థికవేత్త దీనికి ఒక ఉపాయం చెప్పారు. వర్గాలే వద్దు. ఒక్కో పనికి ఒక్కో ఏ4 కవరు. అంచు మీద పేరు, తేదీ. కవర్లన్నీ పుస్తకాల్లాగా అరలో నిలబెట్టాలి. ఏది తీసినా, పనయ్యాక దాన్ని తిరిగి పాత చోట పెట్టకుండా ఎడమ చివర పెట్టాలి. కొత్తది వచ్చినా ఎడమ చివరే. కొన్ని వారాలు పోయేసరికి వాడేవన్నీ ఎడమకు చేరతాయి, ఎవరూ ముట్టనివి కుడికి జరుగుతూ పోతాయి. అప్పుడప్పుడూ కుడి చివర నుంచి తీసి చూస్తే, పారేయాల్సినవి వాటంతట అవే దొరుకుతాయి. నాకు మొదటి నెల చిరాకేసింది, చేయి అలవాటుగా పాత చోటికే పోయేది. ఇప్పుడు బాగుంది. పైగా నిలబెట్టిన కాగితం ఫ్యాన్ గాలికి లేవదు. పేపర్ వెయిట్లు మూడూ పిల్లలకిచ్చేశా.

అంచు మీద పేరు మాత్రం తప్పకుండా రాయండి. తాళ్లపాక వాళ్ల కీర్తనల రాగిరేకులు మన కొండ మీద గుడి అరలోనే శతాబ్దాలు ఉండిపోయి, 1920ల్లో గానీ లోకానికి తెలియలేదు. అవి రాగివి కాబట్టి నిలిచాయి. మన చలానాలు అన్నాళ్లు ఆగవు.

కోర్లగుంట కుర్రోడు

సర్దేటప్పుడు నేల మీద మాత్రం ఏమీ పెట్టొద్దు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, వీధులే ఏరులయ్యాయి. మా ఆఫీసు కింది అంతస్తులో. బల్ల కింద పెట్టిన బాక్స్ ఫైళ్లు తొమ్మిది మునిగిపోయాయి. కాగితాలు ఇటుకల్లాగా గట్టిపడ్డాయి. స్టేప్లర్ పిన్నులు తుప్పు పట్టి, ఆ తుప్పు మరక ఒక్కో పేజీలోంచి పక్క పేజీకి దిగింది. ఇప్పుడు అడుగు అర మోకాలి ఎత్తులో ఉంటుంది, అందులో కూడా జెరాక్స్ కాగితాల రీములే.

ఇంటి ఆఫీసు

పద్దుల పాప అక్కా, ఆ లడ్డూ కవరు తీసేశావా లేదా? నాకు ఒకసారి కీబోర్డులో చీమల వరస. తిరగేసి తట్టితే జీడిపప్పు ముక్క ఒకటి, కలకండ పలుకు ఒకటి రాలాయి. ప్రసాదం ఏదైనా వంటింట్లో నిలబడి తిని, చేయి కడుక్కుని రావాలని అమ్మ ఆర్డరు.

పద్దుల పాప

తీసేశా. చలానా డౌన్‌లోడ్ చేసి మళ్లీ ప్రింటు తీసుకున్నా. కిటికీ దగ్గర స్టీలు డబ్బా పెట్టి, ఎవరేం తెచ్చినా అందులోనే అని బోర్డు రాశా. బోర్డు రాసినందుకు మా సార్ మొదటి లడ్డూ నాకే ఇచ్చారు.

పాత సూపరింటెండెంట్

రిజిస్టరు సంగతి చెప్పు అమ్మాయ్.

పద్దుల పాప | నెల తర్వాత

సార్, ఆలస్యమైంది, ఏమనుకోవద్దు. గడువు పనులు, మధ్యలో బ్రహ్మోత్సవాలు, ఇంటి నిండా చుట్టాలు.

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నా, అదొక్కటే కొన్నా. మీరు చెప్పినట్టే ఒక్కో కట్టకీ ఒక వరస. చివరి గడిలో "ఎవరి కోసం ఆగింది", దాని పక్కన "మళ్లీ అడగాల్సిన తేదీ". ఆగిన ఏడూ బీరువాలోకి పోయాయి. మొదటి రెండు రోజులు చేతులు పోగొట్టుకున్నట్టు ఉండింది, అస్తమానం లేచి బీరువా తెరిచి చూసేదాన్ని. మూడో రోజు నుంచి పొద్దున రాగానే నోట్‌బుక్ తీసి, ఆ రోజు తేదీ ఉన్నవాళ్లకు ఫోన్ చేస్తున్నా. వేలూరు పోయినాయనకు నాలుగుసార్లు చేశా. ఐదోసారి ఆయనే బిల్లులు పట్టుకొచ్చి, "మీరు పేరు రాసుకుని మరీ తగులుకున్నారమ్మా" అన్నారు.

ఒక తప్పు చేశా. ఒక కట్టకి వరస రాశా గానీ తేదీ గడి ఖాళీగా వదిలేశా. అది బీరువాలో హాయిగా నిద్రపోయింది. గడువుకు మూడు రోజుల ముందు మా సార్ పేరు చెప్పి అడిగితే గుండె ఆగినంత పనైంది. రెండు రాత్రులు తొమ్మిదింటిదాకా కూర్చుని పూర్తిచేశా. ఇప్పుడు తేదీ వేయకుండా బీరువా తాళం తీయను.

మూడంతస్తుల ట్రేలో మా ఆఫీసు బాయ్ టీ గ్లాసులు పెడుతున్నాడు. నొగుచి కవర్లు నా సొంత కాగితాలకు ఇంట్లో మొదలుపెట్టా, ఆఫీసులో మా సార్ ఒప్పుకోలేదు. ఆయనకు క్లయింట్ల పేర్లు అక్షర క్రమంలోనే ఉండాలి. పెళ్లి పత్రికలు ఇంకా ఆరూ ఉన్నాయి, ఇప్పుడు తొమ్మిది.

శ్రీసిటీ షిఫ్ట్

ఎర్ర ట్యాగు కట్టారా మేడమ్, పంచింగ్ మిషన్‌కి?

పద్దుల పాప

కట్టానన్నా! నెల గడువు రాసి కిటికీ పక్కన పెట్టా. ఎవరూ అడగలేదు. సరిగ్గా గడువు ముందు రోజు ఆయుధపూజ వచ్చింది. బల్లలన్నీ కడిగి తుడిచాం, అడుగున రెండు పెన్నులు, ఒక పాత ఐదు రూపాయల నోటు దొరికాయి. మా ఆఫీసు బాయ్ కంప్యూటర్లకు, కాలిక్యులేటర్లకు, స్టేప్లర్లకు వరసగా పసుపు కుంకుమలు పెడుతూ పోయి, ఆ పాడైన మిషన్‌కి కూడా గంధం రాసి నిండుగా బొట్టు పెట్టాడు. మీద ఒక చామంతి పువ్వు కూడా.

మర్నాడు దాన్ని పాత ఇనుముకి వేద్దామని తీస్తే మా సార్ చూసి, "పూజ చేసినదాన్ని పారేస్తారా ఎవరైనా?" అన్నారు. మళ్లీ నా బల్ల మీదే ఉంది. బొట్టు ఇంకా చెరగలేదు. బరువుగా ఉంది కదాని ఫ్యాన్ వేసినప్పుడు కాగితాల మీద పెడుతున్నా.

శ్రీసిటీ షిఫ్ట్

అయితే చుట్టూ టేపు అంటించండి.